ఎడమ పక్క, అర అడుగు ముందు

మిర్యాలగూడ,
ఆగస్టు నెలాఖరు

మంజులక్కకు,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. ఇక్కడ మా ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టారు. బెట్టింగ్ వాళ్లు ఆడే అమ్మాయిలకు ఫోన్లు చేసి జట్టు సంగతులు అడుగుతున్నారట. ఆదివారం కాసేపు ఇస్తారు, అదీ వార్డెన్ మేడం పక్కన కూర్చుని వింటుండగా మాట్లాడాలి. సైదయ్య మామ లారీ ఎలాగూ కోదాడ నుంచి ఈ మిల్లుకు ధాన్యం తెస్తుంది కాబట్టి ఆయన చేతికే ఉత్తరం ఇస్తున్నాను. నువ్వూ ఆయనకే ఇవ్వు.

మా హాస్టల్ మిల్లు వెనకాలే ఉంది. కాలేజీ సెక్రటరీ జవహర్ గారిదే మిల్లు, ఆయనదే జట్టు. నిజం చెప్పాలంటే అన్నీ బాగున్నాయి. పొద్దున రెండు గుడ్లు, పాలు. మట్టి మీద కాదు, మ్యాట్ మీద ప్రాక్టీసు. బూట్లు కొత్తవి. కబడ్డీ ఆడినందుకు నెలనెలా బ్యాంకులో జీతం పడుతుంది! మొదటి నెల మెసేజ్ చూసి మా నాన్న నమ్మలేదు, బ్యాంకు దాకా వెళ్లి అడిగి వచ్చాడు.

"ఆడపిల్లకు గీ ఆటలేంది, బుద్ధిగ సదువుకోరాదు" అని నా బూట్లు గడ్డివాములో దాచిన మనిషి గుర్తున్నాడు కదా? ఇప్పుడు ప్రతి ఆదివారం "బిడ్డా, కాలు మంచిగున్నదా? జర భద్రం" అంటాడు. పాడి గేదె కాలు గురించి అడిగినట్టే ఉంటుంది. నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

నేను వచ్చేసినందుకు నీకు కోపం ఉందా? ఉంటే తిట్టి రాయి, ఊరికే బాగున్నాను అని రాయకు.

నీ,
ప్రత్యూష


కోదాడ,
సెప్టెంబరు

ప్రతీ,

నీ కాగితం నిండా ఊక వాసన. నాయనమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని "పోరి ఆట ఆడుతున్నదా, మిల్లుల పన్జేస్తున్నదా?" అని అడిగింది. నువ్వు వెళ్లాక కూడా ఉడకబెట్టిన పల్లీలు రెండు పొట్లాలే కడుతోంది పిచ్చమ్మ. ఒకటి నాకు, ఇంకొకటి ఎవరికో తనకే తెలియదు. చివరికి బస్టాండులో బేరానికి కలిపేస్తుంది.

నాకు కోపం లేదు. నాకు అలాంటి పిలుపు వస్తే నేను రెండు పూటలు ఆలోచించేదాన్నేమో, అంతే. మీ నాన్న కౌలు భూమి సంగతి నాకు తెలియనిదా?

ఇక్కడ అంతా మామూలే. నీ చోట ఎడమ కార్నర్‌లో ఫస్టియర్ పూజను నిలబెట్టారు. మంచి పిల్లే, కానీ చెయ్యి పట్టుకుంటే చెమట. నువ్వు నా వేళ్లు ఒకసారి నొక్కితే ఆగాలి, రెండుసార్లు నొక్కితే వెనక్కి. ఆ పిల్ల భయానికి నొక్కుతూనే ఉంటుంది, ఆగాలో పారిపోవాలో నాకు తెలియడం లేదు.

బస్టాండు దగ్గర మనిద్దరి ఫ్లెక్సీ అలాగే ఉంది. వర్షానికి కొంచెం రంగు పోయింది.

నా కాలు బాగానే ఉంది. అడుగుతావని ముందే చెబుతున్నాను.

మంజుల


మిర్యాలగూడ,
అక్టోబరు

అక్కా,

ఫ్లెక్సీ అలాగే ఉందా? సైదయ్య మామ అబద్ధం ఆడడం చేతకాని మనిషి. నేను ఊరికే అడిగితే తల గోక్కుని "సగం ఉన్నది బిడ్డా" అన్నాడు. ఎవరు కోశారు? సంపత్ అన్నేనా? మనం హుజూర్‌నగర్‌లో ఓడిపోయిన రోజు ఆటోలో ఎక్కించుకుని, కిరాయి వద్దని, దారిలో మిరపకాయ బజ్జీలు కొనిచ్చి "ఈసారి కాకపోతే ఇంకోసారమ్మా, ఏడవకండి" అన్న సంపత్ అన్న?

నాకు ఇక్కడ అలాంటి వాళ్లు ఎవరూ లేరు. జనం బాగానే వస్తారు. మ్యాచ్ రోజు మిల్లు వాళ్లకు సగం పూట సెలవిచ్చి పంపిస్తారు. గెలిస్తే కేకలు, ఈలలు. కానీ హాలియా జట్టుతో ఆడినప్పుడు నా పట్టు ఒకటి జారింది. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి "జీతం తీస్కుంటలేవా? పట్టరాదు మరి?" అని అరిచాడు. అందరూ నవ్వారు. అక్కా, నేను నాలుగేళ్లుగా ఎన్ని పట్లు జారవిడిచాను! ఎవరైనా ఒక్కమాట అన్నారా? అయ్యో అన్నారు, దెబ్బ తగిలిందా అన్నారు. ఇప్పుడు నా చెయ్యి జారితే వాళ్ల జేబులోంచి ఏదో జారినట్టు చూస్తున్నారు. ఆ చూపు నాకు నిద్రలో కూడా గుర్తొస్తోంది.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. నా జీతం చూసుకునే నాన్న ఈసారి పాలకీడులో ఇంకో రెండెకరాలు కౌలుకు ఒప్పుకున్నాడు. నన్ను అడగలేదు. జీతం ఆగితే ఏమవుతుందో అన్న ఆలోచన మా ఇంట్లో నాకొక్కదానికే ఉంది.

డిసెంబరులో సూర్యాపేటలో టోర్నమెంటు అంటున్నారు. మీరూ వస్తారు కదా. మనం ఎదురుపడతామేమోనని రోజూ అనుకుంటున్నాను.

ప్రత్యూష


కోదాడ,
అక్టోబరు చివర

ప్రతీ,

సరే, దొరికిపోయాను. ఫ్లెక్సీ కోసింది సంపత్ అన్న మనుషులే. "డబ్బులకి అమ్ముడుపోయిన పిల్ల బొమ్మ మనకెందుకు" అని నిచ్చెన వేసి మరీ కోశారు. కానీ ఫొటోలో మనం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్నాం కదా. నిన్ను మొత్తం కోసేస్తే నా చెయ్యి కూడా పోతుంది. అందుకని నీ వేళ్లు మిగిల్చారు. ఇప్పుడు బస్టాండులో నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను, నా చేతిలో ఎవరివో వేళ్లు. చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. నీకు చెప్పకపోవడానికి కారణం అదే, ఇంకేం లేదు.

నా మీద కూడా వాళ్లకు నమ్మకం పోయింది. ఒక మ్యాచ్ బాగా ఆడితే చాలు, "ఇక నువ్వెప్పుడు పోతన్నావమ్మా?" అని అడుగుతారు. బాగా ఆడకపోతే "అప్పుడే మాట్లాడుకున్నట్టుందే" అంటారు. బాగా ఆడినా అనుమానమే, ఆడకపోయినా అనుమానమే. మొన్న పట్టణంలో పెద్దవాళ్లు కూర్చుని మనమూ చందాలు వేసి ఆటగాళ్లను కొనుక్కుందామని మాట్లాడారట. కొనుక్కుందాం అనే మాటే వాడారు. సంత రోజు కోడిపిల్లల గురించి మాట్లాడినట్టు.

సూర్యాపేట ఫైనల్‌కు రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తారని మన పీఈటీ సారు చెప్పారు. నాకిది ఆఖరి ఏడాది. రాష్ట్ర క్యాంపులో పేరు వస్తే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా దొరుకుతుంది. రాకపోతే అమ్మతో పాటు పత్తి ఏరడానికి వెళ్లాలి. ఈ రెంటికీ మధ్య దారి నాకు కనిపించడం లేదు.

నీకు అబద్ధం చెప్పినందుకు పల్లీల పొట్లం పంపుతున్నాను. సైదయ్య మామ దారిలో సగం తినకపోతే అందుతుంది.

మంజుల


మిర్యాలగూడ,
నవంబరు

అక్కా,

ఈ ఉత్తరం చదివి చించెయ్యి. మా జట్టు సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టాను. చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదు.

పెన్‌పహాడ్‌లో ఆ గట్టి నేల మీద నువ్వు పడ్డప్పటి నుంచి నీ ఎడమ మోకాలు సంగతి ఎవరికి తెలుసు? నీకు, నాకు, దవాఖానలో చూసిన డాక్టరుకు. మీ నాయనమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి చేతులు పట్టుకుని చైన్ కట్టినప్పుడు నేను నీ ఎడమ పక్క అర అడుగు ముందుకు నిలబడేదాన్ని. ఎవరైనా నీ మోకాలి మీదకు వస్తే ముందు నా తొడకు తగలాలని. మనం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు కూడా.

ఇక్కడికి వచ్చాక కూడా నా కాళ్లు అలాగే నిలబడుతున్నాయి. నా పక్కన ఉన్న అమ్మాయికి గుర్రానికున్నట్టు ఉన్నాయి కాళ్లు, కాపాడాల్సింది ఏమీ లేదు. అయినా నేను అర అడుగు ముందే. వెనక సందు పడిపోతోంది. మా కోచ్ నగేష్ సారు నాలుగుసార్లు తిట్టి, అయిదోసారి తిట్టడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టాడు. మన పాత మ్యాచ్‌ల వీడియోలు తెప్పించి గోడ మీద వేసి అందరి ముందూ ఆపి ఆపి చూపించాడు. "గీ పిల్ల ఎవ్వల్ని కాపాడుతున్నది? సూడుండ్రి, పక్కదాని ఎడమ కాలును." తర్వాత నావైపు తిరిగి "ఆమెకు ఎడమ మోకాలు బాగలేదా?" అని అడిగాడు.

నేను లేదు అనలేదు. అవును అనలేదు. తల వంచుకుని కూర్చున్నాను. అదే ఆయనకు సరిపోయింది.

నువ్వు కూతకు వచ్చి వెనక్కి తిరిగేటప్పుడు బరువంతా కుడి కాలి మీదే వేస్తావని, ఎడమ కాలు ఎప్పుడూ ఆలస్యంగా వస్తుందని కూడా కనిపెట్టాడు. ఆ వెనకబడ్డ మోకాలిని పట్టాలి. పట్టాల్సింది ఎడమ కార్నర్. ఎడమ కార్నర్ నేను.

అక్కా, ఫైనల్‌లో మనం ఎదురుపడితే నువ్వు ఆడకు. జ్వరమని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను, నీ కాలు పట్టే పని నాకు పెట్టకు.

ప్రత్యూష


కోదాడ,
నవంబరు

ప్రత్యూషకు,

నీ ఉత్తరం చించలేదు. మూడు రోజులు నీతో మనసులో పోట్లాడాను, తర్వాత రాస్తున్నాను.

మొదటి రోజు నీ మీద కోపం. లేదు అని ఒక్క మాట చెప్పలేకపోయావా అని. రెండో రోజు నా మీద కోపం. నువ్వు అర అడుగు ముందు నిలబడుతుంటే ఇన్నేళ్లు హాయిగా నీ చాటున ఆడుకున్నాను కదా. మూడో రోజు ఎవరి మీదా కోపం లేదు, భయం మాత్రం మిగిలింది.

జ్వరమని చెప్పి ఇంట్లో కూర్చుంటే సెలెక్టర్లు ఎవరిని చూస్తారు? ఫ్లెక్సీలో ఉన్న నన్నా?

నేను ఆడతాను. నువ్వూ ఆడతావు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, విను. నా కాలు నీ ముందుకు వస్తే పట్టు. నీకున్న బలమంతా పెట్టి పట్టు. నా మీద జాలిపడి వదిలావో, ఆ గెలుపు నాకు అక్కర్లేదు, నువ్వూ నాకు అక్కర్లేదు. నువ్వు వదిలితే ఎవరేం చెప్పినా నా జీవితమంతా "ఆ పాయింటు నాదేనా?" అని నన్ను నేనే అడుగుతూ బతకాలి. నీకు జీతం ఇచ్చేవాళ్ల దగ్గర నువ్వు దొంగవవుతావు. మీ నాన్న రెండెకరాల సంగతి చూసుకో.

పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఎడమ కాలి మీద తిరగడం నేర్చుకుంటున్నాను. ఎలా ఉందని అడగకు.

మంజుల


మిర్యాలగూడ,
డిసెంబరు

అక్కా,

పట్టుకుంటాను.

ప్రత్యూష


సూర్యాపేట,
ఫైనల్ అయిన మర్నాడు

అక్కా,

నువ్వు అంతమంది భుజాల మీద ఉన్నావు, నేను దగ్గరకు రాలేకపోయాను. మా వాళ్లు మమ్మల్ని ఇంకా సూర్యాపేట లాడ్జిలోనే ఉంచారు. కింద టీ తాగుతున్న సైదయ్య మామ కనిపిస్తే ఈ కాగితం రాస్తున్నాను.

స్కోరు సమానం, చివరి కూత, వచ్చింది నువ్వు. నువ్వు తిరిగావు, నేను పడి నీ మోకాలు పట్టాను. అంతవరకు నాకు బాగా గుర్తుంది. నువ్వు కుడి కాలి మీదకు కాదు, నేను పట్టుకున్న కాలి మీదకే బరువు వేశావు. తర్వాత నీ చెయ్యి మధ్య గీత మీద ఉంది, నా చెయ్యి ఖాళీగా ఉంది. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో నన్ను నిన్నటి నుంచి అందరూ అడుగుతున్నారు.

నగేష్ సారు నా ముఖం చూడలేదు. జవహర్ గారు కోప్పడలేదు, కుర్చీ లాగి కూర్చోమన్నారు. మెల్లగా "వాళ్లెంత ఇచ్చిన్రమ్మా నీకు?" అన్నారు. నేను ఏడ్చాను. ఏడిస్తే ఒప్పుకున్నట్టే అనుకున్నారేమో. శుక్రవారం మిర్యాలగూడలో కమిటీ కూర్చుంటుందట. అప్పటిదాకా జీతం ఆపేశారు.

మీ వాళ్లు ఇంకా ఘోరం. సంపత్ అన్న గుంపును తోసుకుంటూ వచ్చి నా నోట్లో లడ్డూ పెట్టాడు. "మన పిల్లే! డబ్బు తీసుకున్నా మనల్ని మర్చిపోలేదు, వదిలేసింది" అని అందరికీ వినపడేలా అరిచాడు. ఉమ్మలేకపోయాను, మింగలేకపోయాను. జవహర్ గారు అక్కడి నుంచి చూస్తూనే ఉన్నారు.

వార్డెన్ మేడం ఫోన్‌కు నాన్న చేశాడు. "నిజం జెప్పు బిడ్డా, ఇడిసిపెట్టినవా? నేను తిట్టను." ఆ తిట్టను అన్న మాట నన్ను కోసేసింది.

అక్కా, ఇంతమంది అంటుంటే నాకే అనుమానం వస్తోంది. నీ మోకాలు నా చేతిలో ఉందని తెలిసిన క్షణంలో, నాకు తెలియకుండా నా వేళ్లు సడలాయా? నా కాళ్లు నాకు చెప్పకుండానే అర అడుగు ముందుకు నిలబడే కాళ్లు కదా, నా వేళ్లను నేను ఎలా నమ్మాలి? నీకు ఒక్కదానికే తెలుసు. నేను వదిలానా? నొచ్చుకోను, ఉన్నది ఉన్నట్టు రాయి.

ప్రత్యూష


కోదాడ,
బుధవారం

ప్రతీ,

వదల్లేదు.

ఇంకో వంద మంది అడిగినా ఇదే చెబుతాను. నువ్వు పట్టినప్పుడు నా కళ్ల ముందు చీకటి కమ్మింది. పెన్‌పహాడ్‌లో పడ్డప్పుడు కూడా అంత నొప్పి లేదు. ఆ నొప్పిలోనే, పిచ్చిదానిలా, సంతోషం కూడా వేసింది. ప్రత్యూష మాట నిలబెట్టుకుంది అనుకున్నాను. ఆ కాలి మీదే బరువు వేసి దూకాను. నెల రోజులు ఏడుస్తూ నేర్చుకున్నది అదొక్కటే. నీ చేతిలోంచి నన్ను నేనే లాక్కున్నాను. నువ్వు ఇచ్చింది కాదు, నేను తెచ్చుకున్నది.

కానీ ఇక్కడ ఎవరికీ అది అక్కర్లేదు. నిన్న బస్టాండులో కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. మళ్లీ మనిద్దరం, మధ్యలో పెద్ద గుండె బొమ్మ. నేను కుంటుకుంటూ వెళ్లి, కట్టొద్దు, ఆ పిల్ల పట్టు వదల్లేదు అన్నాను. సంపత్ అన్న నా చెవి దగ్గరకు వచ్చి "ఊరుకోమ్మా, ఎవరన్నా వింటారు" అన్నాడు. నేను గెలిచానంటే వాళ్లకు ముచ్చటగా లేదు ప్రతీ. నువ్వు వదిలావంటేనే ముచ్చటగా ఉంది. నీ జీతం వాళ్లను గెలవలేదని చెప్పుకోవాలి వాళ్లకు, అందుకోసం నా ఆటను తీసేసుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే పల్లీల బండి పక్కన నిలబడి ట్రాక్ ప్యాంటు మోకాలి పైదాకా లాగాను. నీ వేళ్లు ఐదూ ఉన్నాయి, నల్లగా, బొటనవేలు లోపలి వైపు. మోకాలు సొరకాయలా వాచి ఉంది. "వదిలిన చెయ్యి ఇట్లుంటదా? చూడండి" అని అరిచాను. నాయనమ్మ ఒక్కతే బండి వదిలి వచ్చి, వంగి, ఆ మచ్చల మీద చెయ్యి పెట్టి చూసింది. "గిన్నేండ్లు నాకు జెప్పకుంట గీ కాలుతోటి ఆడినవా?" అంది. తర్వాత అంది, "పోరి మంచిగ పట్టింది."

ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికే మన పీఈటీ సారు పరుగెత్తుకుంటూ వచ్చారు. రాష్ట్ర క్యాంపు లిస్టులో నా పేరు ఉందట. వచ్చే వారం మెడికల్. "ఇప్పుడే మోకాలు చూపించుకోవాల్నా తల్లీ, ఒక్క వారం ఆగలేకపోతివా" అని తల పట్టుకున్నారు. ఆగలేకపోయాను. మెడికల్‌లో తీసేస్తే తీసేస్తారు. భయం లేదని రాయను. నిన్నటి నుంచి అమ్మ పత్తి సంచి కనపడితే ముఖం తిప్పుకుంటున్నాను. అయినా ఆ పాయింటు నాది, ఆ పట్టు నీది. ఈ రెండూ పోగొట్టుకుని క్యాంపుకు వెళ్లి ఏం చేస్తాను?

శుక్రవారం మీ కమిటీ దగ్గరకు నేను వస్తున్నాను. నాయనమ్మ కూడా వస్తానంటోంది, పొద్దున్నే మొదటి బస్సుకు. మచ్చ అప్పటికే పసుపు రంగుకు తిరుగుతుందేమోనని నూనె రాయలేదు, కాపడం పెట్టలేదు, అమ్మ తిడుతున్నా ఊరుకున్నాను.

మీ జవహర్ గారు నా మాట నమ్మకపోవచ్చు. వీళ్లు వీళ్లు స్నేహితులు అంటారు. అందుకని నువ్వు ఏమీ మాట్లాడకు, ఏడవకు. నేను కాలు చాపి కూర్చుంటాను. నువ్వు వచ్చి అందరి ముందూ నీ చెయ్యి ఆ మచ్చల మీద పెట్టు. వేలికి వేలు సరిపోతుందో లేదో వాళ్లే చూసుకుంటారు.

మెల్లగా పెట్టు, ఇంకా నొప్పిగానే ఉంది.

మంజుల